విలియం రాక్స్‌బర్గ్

ఇంటి పెరటిలో పొట్లపాదు పెట్టినవాడు ఆ యేడే కాయలు కోయును. చింతమొక్కను నాటినవాడు మాత్రము దాని నిండుకాపును తాను చూచునో లేదో యెరుగడు. అయినను మన పెద్దలు చింతను, వేపను, మామిడిని, పనసను నాటుట మానలేదు. పెన్నయొడ్డునగల సంగము మొదలు గోదావరియొడ్డునగల రాజమహేంద్రవరమువరకు ఏ పల్లెను చూచినను, తాతలు నాటిన చెట్ల నీడలో మనుమలు ఆడుకొనుచుందురు. ఇంటిచెంత నాటుటకు ఏ చెట్టు తగును, అది యెంతకాలము నిలుచును, కరవు వచ్చిననాడు ఏ చెట్టు మనుష్యుని బ్రతికించును అను ప్రశ్నలను సుమారు 230 ఏండ్లకు పూర్వము తెలుగుదేశమున నివసించి శ్రద్ధతో ఆలోచించిన పరదేశి యొకడు కలడు. ఆయనయే విలియం రాక్స్‌బర్గ్. వృత్తిచేత ఆయన వైద్యుడు, ప్రవృత్తిచేత వృక్షశాస్త్రజ్ఞుడు. భారతదేశ వృక్షశాస్త్రమునకు పితయని ఆయనను పలువురు పేర్కొందురు.

రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి అయిర్‌షైర్ ప్రాంతమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున మందులలో పెక్కింటిని మొక్కలనుండియే తీసెడివారు. కావున వైద్యవిద్యార్థి వృక్షశాస్త్రమును కూడ చదువవలసియుండెను. అచట జాన్ హోప్ అను ఆచార్యుడు ఆ శాస్త్రమును బోధించుచుండెను. మొక్కను పుస్తకములో చదువుటతో తృప్తిపడక, తోటలో పెంచి, దాని వేరును, ఆకును, పూవును, గింజను స్వయముగా పరిశీలింపవలెనని ఆ గురువు నేర్పెను. ఆ పాఠమును శిష్యుడు జీవితాంతము మరువలేదు.

చదువు ముగిసిన పిదప రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ ఓడలపై వైద్యసహాయకుడుగా పనిచేసి, 1776లో చెన్నపట్టణమున కంపెనీ కొలువులో చేరెను. కొంతకాలము అచటి ఆసుపత్రిలోను, పిమ్మట దక్షిణమున నాగూరు ప్రాంతమునను ఉద్యోగము చేసెను. అప్పటినుండియు ఆయనకు ఒక అలవాటు కలదు. భారమితిని, ఉష్ణమాపకమును దగ్గరనుంచుకొని, దినమునకు పలుమార్లు గాలి యెట్లున్నదో, ఎండ యెంతయున్నదో, వాన యెంత కురిసెనో గుర్తించి వ్రాయుచుండెను. చూచువారికి ఇది వ్యర్థమైన శ్రమగా తోచియుండవచ్చును. కాని ఈ లెక్కలే కొన్నియేండ్లకు ఒక ఘోరమైన కరవును అర్థము చేసికొనుటకు ఉపకరించినవి.

1781లో కంపెనీవారు ఆయనను సామర్లకోటకు పంపిరి. కాకినాడకు సమీపమునగల ఈ ఊరిలో నాడు కంపెనీ సైనికుల దండు ఉండెను. ఆ దండునకు వైద్యము చేయుటయే రాక్స్‌బర్గ్ ఉద్యోగము. ఒకవంక ఏలేటి నీరు పారు పెద్దాపురపు చెరకుతోటలు. ఇంకొకవంక కోరంగి సముద్రతీరము. మరియొకవంక గోదావరికి ఇరుగడల నున్న టేకు అడవులు. మొక్కలయందు మక్కువ గలవానికి ఇంతకంటె మంచి తావు దొరకదు. ఆయన సామర్లకోటలో ఒక తోటను నెలకొల్పి, దేశవిదేశముల మొక్కలను తెప్పించి పెంచసాగెను. మిరియము, కాఫీ, దాల్చినచెక్క, జాజి, నీలి, రేషమపురుగులకు మేతయగు కంబళిచెట్టు, సీమపనస మొదలగునవి ఆ తోటలో చేరినవి. రాజమహేంద్రవరపు కొండలలో మిరియపుతీగ సహజముగా పెరుగుచున్నదని కనుగొని, దానిని కూడ సాగుచేయుటకు ప్రయత్నించెను.

ఈ పనులన్నింటిని ఆయన కేవలము విజ్ఞానమునకే చేసెనని చెప్పరాదు. ఆయన యజమాని వర్తకపు కంపెనీ. మిరియమువలన, నీలివలన లాభము రావలెనని కంపెనీ కోరిక. ఆ కోరికను తీర్చుచునే రాక్స్‌బర్గ్ తన శాస్త్రసేవను సాగించెను. ఈ రెండింటి నడుమ ఆయన బ్రతుకు నడచినదని గ్రహించినప్పుడే ఆయన చేసిన పని విలువ మనకు సరిగా తెలియును.

ఆ రోజులలో యోహాన్ కోనిగ్ అను మరియొక ప్రకృతిశాస్త్రజ్ఞుడు దక్షిణదేశమున సంచరించుచుండెను. మొక్కలకు నామకరణపద్ధతి నేర్పరచిన మహాపండితుడు లిన్నేయస్‌కు ఈతడు సాక్షాత్తు శిష్యుడు. రాక్స్‌బర్గ్ ఈతనితో స్నేహముచేసి పెక్కు విషయములు నేర్చుకొనెను. 1785లో కోనిగ్ కాకినాడలోని జగన్నాథపురమున వ్యాధిగ్రస్తుడై మంచము పట్టినప్పుడు, రాక్స్‌బర్గ్ దగ్గరనుండి వైద్యము చేసెను. కాని ప్రాణము దక్కలేదు. మిత్రుడు సగములో విడిచిన పని తనపై బడినదని రాక్స్‌బర్గ్ భావించెను కాబోలు, నాటినుండి ఆయన కృషి ఇనుమడించినది.

అంతలోనే పెద్ద ఆపద వచ్చిపడెను. 1787లో సముద్రమునుండి గొప్ప తుపాను లేచి కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచివేసెను. కెరటములు ఊళ్లపై బడినవి. ఎన్నియో యేండ్లు శ్రమించి రాక్స్‌బర్గ్ ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నమూనాలు, కూర్చుకొనిన పుస్తకములు ఆ వెల్లువలో నశించినవి. వేరొకడైనచో నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చుండును. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. మరల కొండలెక్కెను, మరల మొక్కలను సేకరించెను.

ఈ పర్యాయము ఆయన వేరొక మార్గమును గట్టిగా పట్టెను. ఎండినమొక్క రంగును, రూపును కోల్పోవును, చిత్రము కోల్పోదు. కావున ఈ దేశపు చిత్రకారులను జీతమిచ్చి నియమించి, పచ్చిమొక్కను ఎదుట నుంచి, ఆకు ఆకును, రేకు రేకును ఉన్నదున్నట్లు వ్రాయించెను. 1790 నాటికి ఇట్టి చిత్రములు వందలకొలది సిద్ధమైనవి. వానిని, వాని వర్ణనలను లండనునకు పంపగా, జోసెఫ్ బ్యాంక్స్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని పర్యవేక్షణమున కోరమండల తీరపు మొక్కలు అను మహాగ్రంథము మూడు సంపుటములుగా వెలువడెను. ఆ ముద్రణము 1795లో ఆరంభమై 1820లో ముగిసెను. అందు 300 చిత్రములు కలవు. పూవు కోసమును, గింజ నిర్మాణమును అంత నేర్పుతో చిత్రించిన ఆ కళాకారుల పేళ్లు మాత్రము పుస్తకమునకు ఎక్కలేదు. ఐనను గ్రంథముయొక్క కీర్తిలో వారికి సగపాలు కలదు.

ఈ గ్రంథమున తెలుగువారు గర్వింపదగిన విషయమొకటి కలదు. రాక్స్‌బర్గ్ ఒక మొక్కకు లాటిన్ పేరు పెట్టుటతో ఊరకుండక, దానిని ఇచటి ప్రజలు ఏమని పిలుతురో కూడ అడిగి తెలిసికొని వ్రాసెను. దాని కలప దేనికి పనికివచ్చును, బెరడు ఏ రోగమునకు మందు, పండు తినదగినదా అను సంగతులను రైతులనుండి, కొండవాండ్రనుండి, వడ్రంగులనుండి సంపాదించెను. సోమిద అను చెట్టు ఇందుకు మంచి యుదాహరణము. దాని చేవ ఎఱ్ఱనై, మిక్కిలి గట్టిదై, నేలమీదను నేలలోపలను చెడక చిరకాలము నిలుచునని, అందుచేతనే దేవాలయముల కొయ్యపనికి దానిని వాడుదురని ఆయన తెలిసికొనెను. దాని బెరడు జ్వరమును తగ్గించునని విని, పరీక్షకై ఎడింబరోకు పంపెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు జాతికి సొయ్‌మిడా అను పేరే పెట్టిరి. మన పల్లెటూరి మాట ఈ విధముగా ప్రపంచశాస్త్రభాషలో స్థిరపడిపోయినది.

రాక్స్‌బర్గ్ జీవితమున కెల్ల గొప్పపరీక్ష 1789 పిదప వచ్చినది. ఉత్తర సర్కారులలో వానలు తప్పినవి. ఒక యేడు తప్పినచో రైతు పాతగింజతో కాలము గడుపును. ఇచట మూడు నాలుగేండ్లు వరుసగా తప్పెను. చెరువులు ఎండినవి, పశువులు చచ్చినవి, విత్తనపుధాన్యము కూడ తినివేసిన తరువాత జనులు ఊళ్లు విడిచి, గింజ దొరకునన్న ఆశతో బాటలపట్టిరి. వేలకు వేలు ఆ బాటలలోనే కూలిపోయిరి. ఈ క్షామము ఒక్క సర్కారులకే పరిమితము కాక భారతదేశమునందు పెక్కుభాగములను పీడించెను. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కుటవలన గాలులు దారిమళ్లి మన వర్షములు తగ్గుట కలదని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానికి ఎల్‌నినో అని పేరు. ఆ యేండ్లలో సంభవించినది ప్రబలమైన ఎల్‌నినో అని వారి నిర్ణయము. రాక్స్‌బర్గ్ వ్రాసియుంచిన వాన లెక్కలు ఈ నిర్ణయమునకు ఒక సాక్ష్యమైనవి.

ఆయన కాలమున ఈ కారణము ఎవరికిని తెలియదు. అయినను ఆయన దైవమును దూషించి ఊరకుండలేదు. ఇట్టి కరవు పూర్వమెన్నడైన వచ్చెనా యని విచారించెను. పిఠాపురపు రాజుల యింట పాతసంగతులు తెలియవచ్చునని అచట అడుగగా, సుమారు నూరేండ్లకు ముందు, అనగా 1685 మొదలు 1687 వరకు, ఇట్టి అనావృష్టియే సంభవించెనని తెలిసెను. వచ్చినది మరల వచ్చును. కావున కరవు వచ్చిన పిదప గంజి పోయుటకంటె, రాకమునుపే ఏర్పాటు చేసికొనుట మేలని ఆయన నిశ్చయించెను.

ఆ యేర్పాటు ఎట్టిదో ఆయనకు ఒక చిన్నచెట్టు నేర్పినది. సముద్రతీరపు ఇసుకనేలలలో చిట్టియీత యను పొద కలదు. దాని మొద్దు ఒకటి రెండడుగుల ఎత్తుకు మించదు. మామూలుదినములలో దానినెవరును లక్ష్యపెట్టరు. కరవునాళ్లలో ఆకొన్నవారు ఆ మొద్దును చీల్చి, లోపలి తెల్లని భాగమును ఎండబెట్టి, రోట దంచి, జల్లించి, ఆ పిండితో గంజి కాచుకొనిరి. రుచి అంతంతమాత్రమే, కాని ఆ గంజి ఎందరి ప్రాణములనో నిలిపెను. రాక్స్‌బర్గ్ ఈ సంగతిని గమనించి తన గ్రంథమున వ్రాసెను. కొండప్రాంతపు జీలుగుచెట్టు మొద్దులో కూడ ఇట్టి పిండియే కలదని కనుగొనెను. వరి, జొన్న వానతో బుట్టి వానతో చచ్చును. చెట్టు అట్లుకాదు. దాని వేరు లోతునకు దిగి, పైరునకు అందని తేమను పీల్చును. మంచి యేండ్లలో కూడబెట్టిన ఆహారమును తనలో దాచుకొనును.

ఈ ఆలోచనతో ఆయన కంపెనీ అధికారులకు ఒక సలహా వ్రాసెను. కాలువగట్లమీదను, పల్లెలలోను, ఇండ్లచుట్టును ఆహారమునిచ్చు చెట్లను విరివిగా నాటింపవలెనని దాని సారాంశము. కొబ్బరి, తాడి, ఈత, సగ్గుచెట్టు, పనస, సీమపనస, అరటి మున్నగునవి ఆయన సూచించినవి.

ఈ చెట్ల కూర్పును విమర్శించి చూచినచో అందలి యుక్తి తెలియును. అరటి యేడాదిలోనే గెలవేయును; పెద్దచెట్లు ఎదుగువరకు ఇల్లు గడచుటకు అది చాలును. కొబ్బరి ఆరేడేండ్లకు కాపునకు వచ్చి అరువదియేండ్లకుపైగా కాయును. కాని దానికి నీరు కావలెను గనుక కాలువగట్టో, ఇంటి వాడుకనీరు పారుచోటో తగును. పనస ఐదారేండ్లు గడచిన పిమ్మట కాపుపట్టి రెండుమూడు తరములు నిలుచును. ఒక్కకాయయే ఒక కుటుంబమునకు ఒకపూట భోజనము. సగ్గుచెట్టును పూయబోవుటకు ముందు నరికి మొద్దులోని పిండిని తీయవలెను. అదియొక నిలువధాన్యపు గాదె వంటిది. నేడు సామర్లకోట, పెద్దాపురము ప్రాంతముల తయారగు సగ్గుబియ్యము కఱ్ఱపెండలపు దుంపనుండి తీయునదే గాని ఆ చెట్టునుండి కాదు. ఇక తాడి నిదానస్థుడు. పదిపన్నెండేండ్లు దాటినగాని కాయదు. కాని మెట్టనేలలో నీరుపోయకున్నను నూరేండ్లు నిలిచి, ముంజెలు, పండ్లు, తేగలు, బెల్లము, ఇంటికప్పునకు ఆకు, దూలమునకు మాను సమకూర్చును. త్వరగా కాయు చెట్టును, చిరకాలము నిలుచు చెట్టును, తడిని కోరుదానిని, ఎండకు ఓర్చుదానిని కలిపి నాటినచో ఏదియో యొకటి ఇంటివారిని కాపాడును. ఈ సూత్రము నేటికిని చెల్లును.

ఐతే ఆయన ఎంపికలన్నియు మంచివని చెప్పరాదు. ఆయన సూచించినవానిలో నాగజెముడు కూడ కలదు. అమెరికాఖండమునుండి వచ్చిన ఈ జెముడుజాతి మొక్కలు ఎట్టి ఎండకైనను చావవు, పండ్లు తినదగినవి. ఆ గుణమే తరువాత దోషమైనది. అవి దక్షిణదేశమున పొలములకు, బీళ్లకు వ్యాపించి రైతులకు బెడదయైనవి. 1926లో వానిని తిను పురుగును తెప్పించి విడిచినగాని ఆ పీడ తగ్గలేదు. నాటుటకు ముందు చెట్టు ఇచ్చు ఫలమునే గాక, నూరేండ్లకు అది ఎట్లు వ్యాపించునో కూడ ఆలోచింపవలెనని దీనివలన తెలియుచున్నది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు అధికారిగా నియమింపబడెను. హుగ్లీనది పడమటి ఒడ్డున శిబపురమున రాబర్ట్ కిడ్ అను సైనికోద్యోగి 1787లో స్థాపించిన తోటయది. 1770 నాటి బంగాళపు మహాక్షామమును తలచి, ఆహారపుచెట్లను వ్యాపింపజేయుట కిడ్ ఉద్దేశములలో ఒకటి. ఓడలకు టేకుకలప సమకూర్చుకొనుట కంపెనీ ఉద్దేశము. రాజమహేంద్రవరపు సీమనుండి తెచ్చిన టేకువిత్తులు అచట మొలచి మ్రాకులై పెరుగుచుండెను. ఓడకు టేకును మించిన కలప లేదు. కాని అది పూర్తిగా చేవబట్టుటకు మనుష్యుని జీవితమంత కాలము పట్టును. అడవిని నరకువారే గాని నాటువారు అరుదైన ఆ దినములలో, రాబోవు తరములకై టేకును నాటుమని రాక్స్‌బర్గ్ పట్టుదలతో ప్రోత్సహించెను. పడమటిదీవులనుండి 1795లో వచ్చిన మహాగని మొక్కలను కూడ ఆ తోటలో పెంచిరి. నేడు మన బాటలకు నీడనిచ్చు మహాగని ఈ దేశమునకు వచ్చిన కథ అక్కడ మొదలైనది.

ఇరువదియేండ్లు ఆయన ఆ తోటయే లోకముగా బ్రతికెను. నడుమనడుమ ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయినను మరల వచ్చి పని నందుకొనెను. తాను చేరునాటికి సుమారు 300 రకములున్న ఆ తోటలో, తాను విడుచునాటికి సుమారు 3500 రకములు చేరినవి. వాని పట్టికను శ్రీరామపురపు పండితుడు విలియం కేరీ 1814లో అచ్చువేయించెను. రాక్స్‌బర్గ్ వ్రాయించిన వర్ణచిత్రములు 2500కు మించినవి. భారతదేశపు మొక్కలనుగూర్చి ఆయన వ్రాసిన ఫ్లోరా ఇండికా అను బృహద్గ్రంథము ఆయన జీవించియుండగా వెలువడలేదు. కేరీ ప్రయత్నముచే అది 1832లో సంపూర్ణముగా ప్రకటింపబడెను. ప్రచురణకర్తగా తన పేరు నిలుపుకొనుటకంటె స్నేహితుని శ్రమ వ్యర్థము కాకుండ చూచుటయే కేరీకి ముఖ్యమయ్యెను.

1813లో దేహము పూర్తిగా శిథిలమై రాక్స్‌బర్గ్ కలకత్తాను విడిచెను. ఆరోగ్యమునకై త్రోవలో సెంట్ హెలీనా ద్వీపమున ఆగి, ఆ జబ్బులోనే ఆ దీవి మొక్కల పట్టికను సిద్ధపరచెను. పిమ్మట ఎడింబరో చేరి, 1815లో అచటనే కన్నుమూసెను.

సామర్లకోటతోట ఆయన వెడలిన పిదప బెంజమిన్ హెయిన్ అను శాస్త్రజ్ఞుని పాలికి వచ్చినను ఎక్కువకాలము నిలువలేదు. ఒక ఉద్యోగి వ్రాసిన సలహాతో కరవులు ఆగిపోలేదు. 1832-33లో నందన కరవు వచ్చి గుంటూరు మొదలగు సీమలను నాశనముచేసెను. గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసిన పిమ్మటనే ఆ డెల్టాకు నిలుకడయైన నీరు లభించెను. కాలువలు వచ్చినవి, ఆ గట్లపై కొబ్బరిచెట్లు వరుసలుగా లేచినవి. నేడు కోనసీమలో ఇండ్లచుట్టు కొబ్బరి, పనస, అరటి, మామిడి కలిసి పెరుగుట చూచినవానికి రాక్స్‌బర్గ్ కోరినది ఎట్టి దృశ్యమో బోధపడును. ఆ చెట్లను నాటి పెంచినవారు మన రైతులే. వారు తరతరములుగా ఎరిగిన విద్యనే ఆయన చెవియొగ్గి విని, కొలిచి, లెక్కగట్టి, లోకమునకు తెలియునట్లు వ్రాసెను.

హిమాలయముల చీర్‌పైను చెట్టునకు పైనస్ రాక్స్‌బర్గీ అనియు, మన యడవులందలి పుత్రజీవి చెట్టునకు పుత్రంజీవ రాక్స్‌బర్గీ అనియు శాస్త్రజ్ఞులు పేళ్లుపెట్టి ఆయనను స్మరించుచున్నారు. రెండును దీర్ఘాయువుగల వృక్షములే. తుపాను తన పుస్తకములను కొనిపోయినను పని మానని ధైర్యము, ప్రతిదినము వానను కొలిచి వ్రాసిన ఓర్పు, పామరుని మాటలో కూడ శాస్త్రము కలదని గ్రహించిన వినయము, తాను చూడబోని తరములకై చెట్టునాటుమని చెప్పిన దూరదృష్టి ఈయనయందు నేర్వదగిన గుణములు. మనము ఇంటి ముంగిట ఒక మొక్కను నాటునపుడు, అది ఈ యేడు ఎంత అందముగానుండును అని మాత్రమేగాక, ఏబదియేండ్లకు ఎవరికి నీడనిచ్చును, ఎవరి ఆకలి తీర్చునని కూడ తలచి ఎన్నుకొనుట మంచిది.